హక్కుల గొడవ రాజుకున్నప్పుడు ప్రభుత్వం తరఫున ఎలా మాట్లాడాలి

రాత్రి పదిన్నరకు ఫోన్ మోగుతుంది. అవతల క్రైమ్ రిపోర్టర్. "సార్, ఫలానా స్టేషన్‌లో ఒకతను చనిపోయాడట కదా. ఆసుపత్రి దగ్గర జనం గుమిగూడారు. మీ వెర్షన్ ఏంటి? పేజీ వదిలే టైం అయింది." మీరు కమిషనరేట్‌లోనో, జీహెచ్ఎంసీలోనో, ఏదో మంత్రి పేషీలోనో పీఆర్వోగా (పౌరసంబంధాల అధికారిగా) కొత్తగా చేరి ఉంటారు. ప్రెస్‌నోట్లు రాయడం, ప్రారంభోత్సవాల కవరేజీ చూసుకోవడం ఈపాటికి వచ్చేసి ఉంటుంది. ఈ ఫోన్‌కు జవాబివ్వడం మాత్రం ఎవరూ నేర్పి ఉండరు. ఇది మీ కోసమే రాస్తున్నాను.

పని మొదలుపెట్టేముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. మొదటి రోజు మీరు చెప్పే మాట టీవీ స్క్రోలింగ్‌తో అయిపోదు. అది కోర్టులో అఫిడవిట్ పక్కన పెట్టి చదివే కాగితం అవుతుంది. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు (వెటర్నరీ డాక్టర్‌పై అత్యాచారం, హత్య) నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. నిందితులు తుపాకులు లాక్కుని కాల్పులు జరిపారని, తాము ఎదురుకాల్పులు జరపాల్సి వచ్చిందని పోలీసులు ఆ రోజే ప్రెస్‌మీట్ పెట్టి చెప్పారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. పోలీసుల కథనం నమ్మదగినదిగా లేదని, చంపే ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసులను విచారించాలని కమిషన్ చెప్పింది. ఆ నివేదికను అధికారులు హైకోర్టులో సవాలు చేశారు. చివరికి ఏం తేలుతుందన్నది కోర్టు పని. మీరు గమనించాల్సింది వేరే: కాల్పులు జరిగిన కొన్ని గంటలకే, దర్యాప్తు ఇంకా మొదలవకముందే, ఏం జరిగిందో ప్రభుత్వం మొత్తం చెప్పేసింది.

మొదటి గంటలో ఏం చేయాలి

రిపోర్టర్‌కు "అరగంటలో నేనే ఫోన్ చేస్తాను" అని చెప్పండి. అరగంట అన్నారంటే ఇరవై తొమ్మిదో నిమిషానికి చేయాలి. చెప్పడానికి ఏమీ లేకపోయినా, ఏమీ తెలియలేదని చెప్పడానికైనా చేయాలి. ఫోన్ స్విచ్ఛాఫ్ చేసుకున్న పీఆర్వోను హైదరాబాద్‌లో రిపోర్టర్లు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు.

ఆ అరగంటలో ఎస్‌హెచ్‌వోకు, అంటే ఆ స్టేషన్ ఇన్‌ఛార్జి అధికారికి, ఫోన్ చేస్తారు. ఆయన ఫోన్లో చెప్పింది విని నోట్ రాయకండి. కాగితం అడగండి. స్టేషన్‌కు ఎన్ని గంటలకు తీసుకొచ్చారు? స్టేషన్ రోజువారీ రికార్డైన జనరల్ డైరీలో ఆ ఎంట్రీ ఉందా? అరెస్టు చూపించారా, ఊరికే "విచారణకు పిలిచాం" అంటున్నారా? ఇంట్లోవాళ్లకు ఎవరు, ఎప్పుడు, ఏ నంబరుకు ఫోన్ చేశారు? ఆసుపత్రిలో చేర్చిన టైం ఏమిటి, అక్కడి డాక్టరు రిజిస్టర్లో ఏం రాశారు? సీసీటీవీ ఫుటేజీ భద్రంగా ఉందా, ఎవరి దగ్గర ఉంది? ఈ ప్రశ్నలు అడుగుతుంటే అవతలి గొంతులో విసుగు వినిపిస్తుంది. "మీరు మావైపా, వాళ్లవైపా?" అని కూడా అంటారు. ఫర్వాలేదు. రేపు పొద్దున ఇవే ప్రశ్నలు పాతికమంది మైకులు పట్టుకుని మిమ్మల్ని అడుగుతారు.

వచ్చిన ప్రతి వివరం పక్కన అది చెప్పినవారి పేరు, హోదా, టైం రాసుకోండి. డైరీలో రాయండి, వాట్సాప్‌లో కాదు. వాట్సాప్‌లో మెసేజులు మాయమవుతాయి.

చాలామంది మరిచిపోయే పని ఇంకొకటుంది. మీ నోట్ మీడియా గ్రూపులో పడేలోపు కుటుంబానికి విషయం తెలిసి ఉండాలి. కొడుకు చనిపోయాడని తల్లి టీవీ చూసి తెలుసుకుంటే, ఆ తర్వాత మీరు ఎంత మంచి నోట్ ఇచ్చినా ఎవరూ చదవరు. బాధ్యతగల అధికారి ఒకరు స్వయంగా వెళ్లి చెప్పారని నిర్ధారించుకున్నాకే నోట్ వదలండి.

నోట్ ఎలా రాయాలి

ముందు మన దగ్గర మామూలుగా వచ్చే నోట్ ఎలా ఉంటుందో చూడండి:

"చోరీ కేసులో అనుమానితుడైన పాత నేరస్తుడు విచారణ సమయంలో అస్వస్థతకు గురికాగా హుటాహుటిన ఆసుపత్రికి తరలించగా, చికిత్స పొందుతూ గుండెపోటుతో మృతి చెందాడు. మృతుడు మద్యానికి బానిస. ఈ ఘటనపై కొందరు దుష్ప్రచారం చేస్తున్నారు. ప్రజలు వదంతులు నమ్మవద్దు."

ఇందులో ఒక్కో మాటా పట్టి చూడండి. పోస్టుమార్టమే జరగలేదు, గుండెపోటని ఎవరు చెప్పారు? పాత నేరస్తుడైతే మాత్రం స్టేషన్లో చనిపోవడం సబబవుతుందా? తాగుడు అలవాటు సంగతి ఇక్కడెందుకు? దుష్ప్రచారం చేస్తున్న ఆ "కొందరు" ఎవరు, ఆసుపత్రి బయట ఏడుస్తున్న ఆయన భార్యా, అన్నదమ్ములా? ఎన్ని గంటలకు తెచ్చారు, ఎన్ని గంటలకు చనిపోయాడు అన్న ఒకే ఒక్క అవసరమైన సమాచారం మాత్రం ఎక్కడా లేదు.

అదే విషయం ఇలా రాయొచ్చు:

"ఈరోజు సాయంత్రం 4 గంటలకు ఒక చోరీ కేసులో ప్రశ్నించేందుకు 34 ఏళ్ల వ్యక్తిని స్టేషన్‌కు తీసుకొచ్చాం. రాత్రి 8.40కి ఆయన స్పృహ తప్పారు. 9.10కి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాం. 9.30కి ఆయన చనిపోయినట్టు డాక్టర్లు తెలిపారు. మరణానికి కారణం ఇంకా తెలియదు. పోస్టుమార్టాన్ని వీడియో తీస్తారు. చట్టప్రకారం జుడీషియల్ మేజిస్ట్రేట్ విచారణ జరుగుతుంది. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు 24 గంటల్లోగా నివేదిస్తాం. విచారణ పూర్తయ్యేవరకు ఆ సమయంలో డ్యూటీలో ఉన్న సిబ్బందిని స్టేషన్ బాధ్యతల నుంచి తప్పించాం. స్టేషన్ సీసీటీవీ రికార్డింగును భద్రపరిచాం. ఆయన కుటుంబానికి మా సంతాపం. రేపు ఉదయం 11 గంటలకు మళ్లీ వివరాలిస్తాం."

ఇది చదివితే మీ పై అధికారికి ముందు గుబులు పుడుతుంది. "4 నుంచి 8.40 దాకా ఏం చేశారని అడుగుతారు కదయ్యా" అంటారు. అవును, అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే అది. మీరు రాయకపోయినా వీధి చివరి కెమెరా చూపిస్తుంది, పక్కింటావిడ చెబుతుంది. టైములు మీరే ముందు చెబితే కనీసం అబద్ధమాడారన్న మాట రాదు. ఒక్క జాగ్రత్త: నోట్‌లో "చేశాం" అన్న ప్రతి పనీ అప్పటికే జరిగిపోయి ఉండాలి. సిబ్బందిని తప్పించిన ఉత్తర్వు మీ చేతికి వచ్చాకే ఆ వాక్యం రాయండి.

మానేయాల్సిన మాటలు

"చట్టం తన పని తాను చేసుకుపోతుంది." "పరిస్థితి పూర్తిగా అదుపులో ఉంది." "ఎంతటివారైనా వదిలిపెట్టేది లేదు." "విషయం మా దృష్టికి రాలేదు." వీటికి ఈ ఊళ్లో ఎవరూ తల కూడా తిప్పరు. చట్టం ఏ పని చేస్తోందో, ఏ సెక్షన్ కింద కేసు పెట్టారో, ఎవరు దర్యాప్తు చేస్తున్నారో చెబితే వింటారు.

ఇంతకంటే చేటు చేసే మాటలు వేరే ఉన్నాయి. ధర్నాకు వచ్చినవాళ్లను "పెయిడ్ ఆర్టిస్టులు", "బయటి వ్యక్తులు" అనడం అలాంటిదే. ఇందిరాపార్కు దగ్గర ఎండలో కూర్చున్న అంగన్‌వాడీ టీచరు ఆ మాట విన్నాక మీ శాఖతో చర్చలకు ఎందుకొస్తుంది? 2017లో ధర్నాలు జరిగే చోటైన ధర్నాచౌక్‌ను అక్కడి నుంచి తీసేయాలనుకున్నప్పుడు, అప్పటిదాకా కలిసి నడవని పార్టీలు, సంఘాలు కూడా ఒక్కటయ్యాయి. గుంపుగా కూర్చుని అడగడం రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన హక్కు. ఆంక్షలు పెట్టాల్సి వస్తే ఏ ఉత్తర్వు కింద, ఎన్ని రోజులకు, ఎందుకు పెట్టారో చెప్పండి, ఆ ఉత్తర్వు కాపీ ఇవ్వండి.

బాధితులకు సుద్దులు చెప్పడం అన్నిటికంటే ఘోరం. దిశ కేసులో అప్పటి హోంమంత్రి, బాధితురాలు తన చెల్లెలికి బదులు 100కు ఫోన్ చేసి ఉంటే బాగుండేదన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. ఆ రాత్రి స్టేషన్లకు తిరిగిన కుటుంబానికి వెంటనే స్పందన దొరకలేదని తర్వాత ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. మంత్రి మాటలు, ఆ సస్పెన్షన్ వార్త పక్కపక్కన పెట్టి చదవండి. చనిపోయినవారు, దాడికి గురైనవారు ఏం చేసి ఉండాల్సిందన్నది మీ నోట నుంచి ఎప్పుడూ రాకూడదు. పై నుంచి నోట్‌లో అలాంటి వాక్యం వస్తే కొట్టేయండి.

పేర్ల విషయంలో చట్టం చాలా కచ్చితంగా ఉంది. లైంగిక దాడి బాధితుల పేరు, ఫొటో, ఊరు, గుర్తుపట్టగలిగే ఏ వివరమైనా బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పిల్లలైతే పోక్సో చట్టం కూడా అడ్డొస్తుంది. రిపోర్టర్‌కు "ఆఫ్ ది రికార్డ్" చెప్పినా అదే తప్పు. అలాగే పట్టుకున్నవాళ్లను ముసుగులేసి కెమెరాల ముందు వరుసగా నిలబెట్టి "నేరస్తులు" అనకండి. కోర్టు తేల్చేదాకా నిందితులే. 2007 మే 18న మక్కా మసీదు పేలుడులో 9 మంది, ఆ వెంటనే పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. తర్వాత పట్టుకెళ్లిన పాతబస్తీ యువకులు చాలామంది కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. కొన్నేళ్లకు ప్రభుత్వమే పరిహారం ప్రకటించి, మంచి నడవడిక సర్టిఫికెట్లు ఇవ్వాల్సి వచ్చింది. ఈలోగా పోయిన ఉద్యోగాలను, ఆగిపోయిన పెళ్లిళ్లను ఏ సర్టిఫికెట్ వెనక్కి తెస్తుంది?

చేతిలో ఉండాల్సిన చట్టం

లా డిగ్రీ అక్కర్లేదు. ఒక పేజీ చాలు, ప్రింట్ తీసి డ్రాయర్‌లో పెట్టుకోండి. అరెస్టయినవారిని 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలన్న 22వ అధికరణం. అరెస్టులో పాటించాల్సినవాటిపై 1996 నాటి డి.కె. బసు తీర్పు. ఎన్‌కౌంటర్ మరణాల దర్యాప్తుపై 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం, అందులో బాధితులకు వచ్చే పరిహారం. ఇంటర్నెట్ ఆపితే ఆ ఉత్తర్వును బయటపెట్టాలన్న 2020 అనురాధా భసీన్ తీర్పు. సమాచార హక్కు చట్టంలో ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలన్న నిబంధన.

చివరిది తెలియక చాలామంది తమ పరువు తామే తీసుకుంటారు. "నా కొడుకు ఎక్కడున్నాడు?" అని తండ్రి దరఖాస్తు పెడితే "30 రోజుల్లో సమాధానమిస్తాం" అని పంపేస్తారు. అదే చట్టంలో ఇంకో నిబంధన ఉంది: పాలనాపరమైన నిర్ణయం ఎందుకు తీసుకున్నారో దానివల్ల ప్రభావితమయ్యేవారికి అడగకుండానే చెప్పాలి. నా దృష్టిలో ప్రభుత్వ ప్రతినిధి చేసే ఉద్యోగం మొత్తం ఆ ఒక్క నిబంధనలో ఉంది.

ఇళ్ల కూల్చివేతలప్పుడు

హైదరాబాద్‌లో ఈ మధ్య మీకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే కాబట్టి కాస్త ఆగి చెబుతాను. 2024లో మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ వైపు బస్తీల్లో అధికారులు ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో "ఆర్‌బీ-ఎక్స్" అని రాసి వెళ్లారు. పొద్దున తలుపు తీసిన ఇల్లాలికి గోడమీద మూడు అక్షరాలు కనిపించాయి. దానర్థం ఏమిటి, ఇల్లు ఎప్పుడు పోతుంది, డబుల్ బెడ్‌రూం ఇల్లు ఇస్తారంటున్నారు, ఎక్కడ ఇస్తారు, పిల్లల బడి ఏం కావాలి? ఆ గోడ వీటిలో ఒక్కదానికీ జవాబు చెప్పదు. రంగు డబ్బా ఇంటికి వెళ్లేలోపు మీ కరపత్రం వెళ్లాలి. తెలుగులో, ఉర్దూలో, పెద్ద అక్షరాలతో: ఈ గుర్తు అర్థం ఇది, ఇప్పుడే ఎవరూ ఖాళీ చేయనక్కర్లేదు (అది నిజమైతేనే), అభ్యంతరం చెప్పడానికి ఈ తేదీ దాకా సమయం ఉంది, ఈ ఆఫీసుకు రండి, ఈ అధికారి ఉంటారు.

2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు కూల్చివేతలపై ఇచ్చిన తీర్పు కూడా చదివి ఉంచుకోండి. కనీసం 15 రోజుల నోటీసు, వాదన వినడం, కూల్చివేతను వీడియో తీయడం, తప్పు చేసిన అధికారి సొంత డబ్బుతో నష్టం భరించడం అందులో ఉన్నాయి. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, నదులు, చెరువుల వంటి బహిరంగ స్థలాల్లోని అక్రమ కట్టడాలకు ఆ ఆదేశాలు వర్తించవని కూడా అందులోనే ఉంది. మీ శాఖ ఆ మినహాయింపు కింద పనిచేస్తుంటే ఆ మాట సూటిగా చెప్పండి, అది చెరువు స్థలమేనని చూపే మ్యాపు, నోటిఫికేషన్ బయటపెట్టండి. "చెరువు కబ్జాదారులు" అని అందర్నీ ఒకే గాటన కట్టకండి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్టాంపు డ్యూటీ కట్టి, బ్యాంకు లోను తీసుకుని కొన్న మధ్యతరగతివాళ్లు కూడా అందులో ఉంటారు. వాళ్ల కాగితాల మీద ఉన్నది ప్రభుత్వ ముద్రే. ఆదివారం కూల్చారంటే ప్రశ్న తప్పదని తెలుసుకోండి. 2024 సెప్టెంబరులో అమీన్‌పూర్ కేసులో సెలవు రోజున ఎందుకు కూల్చారని హైకోర్టు నిలదీసింది.

పుకార్లు, ఫేక్ ఫొటోలు

ఇక్కడ మాత్రం వేగమే ముఖ్యం. 2018 మేలో పిల్లలను ఎత్తుకెళ్లే ముఠా తిరుగుతోందన్న వాట్సాప్ పుకారు పాకి, చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్ మహిళను గుంపు కొట్టి చంపింది. ఇలాంటి పుకారు కంటపడితే పూర్తి నివేదిక కోసం ఆగకండి. "ఈ ప్రాంతంలో అలాంటి ఫిర్యాదు ఒక్కటీ రాలేదు" అని రెండు వాక్యాలు, ఇన్‌స్పెక్టర్ గొంతుతో నలభై సెకన్ల ఆడియో, తెలుగులో, దక్కనీ ఉర్దూలో, వెంటనే బస్తీ గ్రూపుల్లోకి వెళ్లాలి. మసీదు కమిటీలు, గణేశ్ మండపాల నిర్వాహకులు, కాలనీ సంఘాల నంబర్లు ముందే మీ ఫోన్‌లో ఉండాలి. గణేశ్ నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ దగ్గరదగ్గరగా వచ్చిన ఏడాది ఈ నంబర్లే మిమ్మల్ని ఆదుకుంటాయి.

ఫేక్ ఫొటోను ఖండించి, అసలు ప్రశ్నకు జవాబిచ్చేశామనుకోవద్దు. 2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వివాదంలో ఏఐతో తయారుచేసిన చిత్రాలు తిరిగిన మాట నిజం. ప్రభుత్వం వాటిమీద గట్టిగా మాట్లాడింది. కానీ చెట్లు నరికిన మాటా నిజమే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులు ఆపించింది. ఏఐ నెమలి ఫొటో అబద్ధమని చెప్పిన నోటితోనే, ఎన్ని ఎకరాల్లో చెట్లు కొట్టారో, ఏ అనుమతితో కొట్టారో కూడా చెప్పి ఉండాల్సింది.

ప్రెస్‌మీట్‌లో

బల్ల మీద మైకుల లోగోలు చూసి కంగారుపడకండి. ముందు రాసుకున్నది చదవండి, తర్వాత ప్రశ్నలు తీసుకోండి. ప్రశ్నలు తీసుకోకుండా లేచిపోయేటట్టయితే ప్రెస్‌మీట్ ఎందుకు, నోట్ పంపితే సరిపోయేది. ఉర్దూ పత్రికల విలేకరులు వెనక వరుసల్లో ఉంటే పిలిచి ముందు కూర్చోబెట్టండి. తెలంగాణలో ఉర్దూ రెండో అధికార భాష. పాతబస్తీ సంగతి మాట్లాడుతూ ఉర్దూ నోట్ మర్నాడు ఇస్తే ఎలా?

తెలియనిది అడిగితే "తెలియదు, రేపు 11కు చెబుతాను" అనండి. "కోర్టులో ఉంది, మాట్లాడలేను" అన్న మాటను అన్నిటికీ వాడకండి. కేసు నంబరు, వచ్చే వాయిదా, ప్రభుత్వం కోర్టులో వేసిన జవాబు (కౌంటరు) చెప్పడానికి ఏ అడ్డూ లేదు. సంఖ్యల దగ్గర మాత్రం ప్రాణం పెట్టి జాగ్రత్తపడండి. 1969 తెలంగాణ ఉద్యమంలో 369 మంది ప్రాణాలిచ్చారని జనం ఇప్పటికీ చెబుతారు. గన్‌పార్కు అమరవీరుల స్తూపం దగ్గర దండలు పడుతూనే ఉన్నాయి, జనం లెక్క, సర్కారు లెక్క ఇప్పటికీ కలవలేదు. చనిపోయినవారి సంఖ్య చెప్పేటప్పుడు "సాయంత్రం 6 గంటల వరకు మాకు అందిన సమాచారం" అని కలిపి చెప్పండి. పెరిగితే మీరే ముందు చెప్పండి.

హక్కుల సంఘాలవాళ్లు వచ్చి ప్రశ్నిస్తే పక్కనున్న అధికారి ముఖం మాడుతుంది. కన్నబిరాన్, బాలగోపాల్ లాంటి పౌరహక్కుల నేతలు తిరిగిన నేల ఇది. నిజనిర్ధారణ కమిటీ అంటే ఏమిటో ఇక్కడ మారుమూల పల్లెకు కూడా తెలుసు. వాళ్లు ఊరికి వెళ్లి, పేర్లు, టైములు రాసుకుని వస్తారు. వాళ్ల నివేదిక వచ్చిన రోజే "నిరాధారం" అని ఖండన పంపకండి. పేరా పేరా చదవండి, ఎక్కడ తప్పుందో ఆధారంతో చూపండి, ఎక్కడ సరిగ్గా ఉందో దాన్ని పై అధికారి టేబుల్ మీద పెట్టండి.

అబద్ధం చెప్పమన్నప్పుడు

చెప్పమంటారు. ఎప్పుడో ఒకసారి తప్పకుండా. "గుండెపోటని వేసెయ్, రిపోర్టు వచ్చాక చూద్దాం" అంటారు. ఎదురుతిరిగి గట్టిగా మాట్లాడటం అందరికీ సాధ్యం కాదు, ఇంట్లో పిల్లల ఫీజులుంటాయి. దానికో దారి ఉంది: "సార్, డాక్టర్ సర్టిఫికెట్ కాపీ ఇప్పించండి, నోట్‌కు జతచేస్తాను" అనండి. కాపీ ఉండదు. "అయితే కారణం తెలియాల్సి ఉందని వేస్తాను సార్" అనండి. సంతకం ఎవరు పెట్టాలనేసరికి చాలా అబద్ధాలు అక్కడే ఆగిపోతాయి. అప్పటికీ ఒత్తిడి చేస్తే, ఆ వాక్యం ఎవరు చెప్పారో ఫైలులో నోట్ పెట్టి పంపండి. దాని ఫలితం మీ బదిలీ కావచ్చు. అయినా ఒక తల్లికి అబద్ధం చెప్పిన కాగితం కింద మీ పేరు ఉండకపోవడం మేలు.

గొడవ చల్లారాక

కెమెరాలు వెళ్లిపోయాక అసలు పని ఉంటుంది. మీరు ప్రెస్‌మీట్‌లో చెప్పిన ప్రతి హామీ ఒక కాగితం మీద వరుసగా రాసుకోండి: మేజిస్ట్రేట్ విచారణ, పరిహారం చెక్కు, ఉద్యోగం హామీ, పోస్టుమార్టం రిపోర్టు కాపీ. ప్రతి నెలా ఒక తేదీ పెట్టుకుని సంబంధిత సెక్షన్‌కు ఫోన్ చేయండి. పూర్తయింది పూర్తయిందని, కానిది కాలేదని అడగకముందే నోట్ ఇవ్వండి. మొదటిరోజు మీరు చెప్పినదాంట్లో తప్పు తేలితే సవరణను కూడా అదే గ్రూపులకు, అదే పత్రికలకు, అదే లెటర్‌హెడ్ మీద పంపండి. బదిలీ అయితే ఆ జాబితాను మీ తర్వాత వచ్చేవారికి సంతకం తీసుకుని అప్పగించండి. కుటుంబం ఫోన్ నంబరు అందులో మొదటి వరుసలోనే ఉండాలి.